వేకువన ఒక గేటు తెరిపించండి: తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారాలు.

నేను చంద్రగిరి వైపు ఒక పల్లెలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయినిని. కాపురం తిరుపతిలో. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు నాలుగు. మా వారు కొండ మీదికి వెళ్లే బస్సు నడుపుతారు. నేను అడగబోయేది చిన్న పనే: వేకువన పరుగెత్తడానికి మైదానం గేటు తెరిపించడం, ఆదివారాలు ఒక రోడ్డును మాకు వదలడం. కానీ నాలుగైదు శాఖలు ఒక మాట మీదికి వస్తే తప్ప జరగదు. వాటిని ఒకచోట కూర్చోబెట్టగలిగినవారు మీరే కాబట్టి మీకు రాస్తున్నాను.

నేను హాఫ్ మారథాన్‌కు తయారవుతున్నాను. మారథాన్ 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అందులో సగం, అంటే 21 కిలోమీటర్లు దాటి మరో 97 మీటర్లు పరుగెత్తాలి. నా వేగం కిలోమీటరుకు ఏడు నిమిషాలు. ఆ లెక్కన దాదాపు రెండున్నర గంటలు పడుతుంది. గెలవాలని కాదు. పూర్తి చేయాలని.

ఎందుకని అడగవచ్చు. మా అమ్మకు యాభై ఎనిమిదో ఏట మధుమేహం వల్ల కుడికాలి వేళ్లు రెండు తీసేశారు. ఆసుపత్రిలో కట్టు మార్చే ప్రతిసారీ ఆ పాదాన్ని నా ఒడిలో పెట్టుకుని కూర్చునేదాన్ని. మడమ పగుళ్లలో పసుపు ఇంకా పచ్చగానే ఉండేది. జీవితమంతా ఇంట్లోనూ పొలంలోనూ తిరిగిన మనిషి, తన ఒంటి కోసం మాత్రం ఒక్క గంట నడవలేదు. నడవాలనుకున్నా ఆ గంట ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. నాకు రెండో కాన్పులో చక్కెర కనిపించింది. అలా కనిపించినవాళ్లకు తర్వాత మధుమేహం వచ్చే ప్రమాదం మిగతావాళ్ల కంటే ఎక్కువని డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు కళ్ల ముందు మెదిలింది అమ్మ పాదమే. బాబు పాలు మానిన ఏడాది చీటీ పాడి, ఆ డబ్బులో కొంత పెట్టి బూట్లు కొన్నాను. మొదటి రోజు వీధి చివరి వరకు కూడా పరుగెత్తలేకపోయాను. వేపచెట్టు దగ్గర నడుం పట్టుకుని నిలబడిపోయాను.

ఇప్పుడు వారానికి నాలుగు రోజులు పరుగెత్తుతున్నాను. మూడు రోజులు ఐదారు కిలోమీటర్ల చొప్పున, ఆదివారం ఒక పొడవైన పరుగు. అసలు తయారీ అంతా ఆ ఆదివారం పరుగులోనే ఉంది. దాని పొడవును వారవారం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. తొందరపడితే పిక్కో, మడమో, మోకాలో ఏదో ఒకటి మొరాయిస్తుంది. వేగం కూడా పక్కన ఎవరైనా ఉంటే మాట్లాడుతూ పోగలిగినంత నిదానంగానే ఉండాలి. నిదానంగా పరుగెత్తాలి కాబట్టి సమయం ఎక్కువ కావాలి. పిల్లలున్న మనిషికి కరువయ్యేది ఆ సమయమే.

మా ఇంట్లో రోజు ఎలా మొదలవుతుందో చెబుతాను. మా వారికి డ్యూటీ తెల్లవారుజామున పడిన వారాల్లో ఆయన రెండింటికే లేచి వెళ్లిపోతారు. నేను నాలుగింటికి లేస్తాను. ఆరున్నరకు పిల్లలు లేస్తారు. అప్పటినుంచి పాలు, స్నానాలు, క్యారేజీలు, పాప జడలు, బాబు మారాం. ఎనిమిదిన్నరకు స్కూటర్ తీయాలి. సాయంత్రం ఇల్లు చేరేసరికి రోడ్ల మీద వాహనాలు, యాత్రికులు, పొగ. పరుగెత్తడానికి చోటు ఉండదు, నాలో శక్తీ ఉండదు. వేసవిలో మన ఊరి ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. మే నెలలో ఏడు గంటలకే ఒళ్లు చిటపటలాడుతుంది. రెండున్నర గంటలు పరుగెత్తే మనిషి ఎండెక్కకముందే ఇల్లు చేరాలంటే నాలుగున్నరకల్లా బయలుదేరాలి. అన్నీ తీసివేయగా మిగిలేది నాలుగున్నర నుంచి ఆరున్నర వరకే. ఆదివారం పిల్లలు ఆలస్యంగా లేస్తారు కాబట్టి ఇంకో గంట కలుస్తుంది.

ఆయన డ్యూటీలో ఉన్న రోజు నిద్రపోతున్న పిల్లలను వదిలి వీధి దాటలేను. అందుకని మా వీధిలోనే పరుగెత్తుతాను. వీధి పొడవు రెండు వందల మీటర్లు. చివర ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్లి, వెనక్కి వచ్చి గడప ముందు తిరిగితే నాలుగు వందలు. అలా పది కిలోమీటర్లకు ఇరవై ఐదు చుట్లు. లెక్క తప్పకుండా ఉండటానికి ముగ్గు డబ్బా పక్కన చింతగింజలు పెట్టుకుంటాను. చుట్టుకు ఒకటి తీసి గిన్నెలో వేయాలి. ఒకరోజు మా పాప ముందుగా లేచి, దుప్పటి కప్పుకుని గడప మీద కూర్చుని ఆ పని తాను తీసుకుంది. అప్పటినుంచి వద్దన్నా లేస్తుంది. నేను గేటు దగ్గరికి రాగానే గింజ గిన్నెలో పడిన చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడుతోనే చివరి చుట్లు లాక్కొస్తాను.

మొన్న అడిగింది: "వీధి దాటాక ఇంకా రోడ్డు ఉందిగా అమ్మా, అక్కడిదాకా వెళ్లి ఎందుకు వెనక్కి తిరుగుతావు?"

ఇల్లు కనిపించే మేరలో ఉండాలని చెప్పాను. నా జవాబు నాకే నచ్చలేదు. అందుకే ఈ లేఖ.

మా వారు ఇంట్లో ఉన్న రోజు నగరంలోని ఒక మైదానానికి వెళ్లేదాన్ని. పేరు రాయను. కాపలాదారుపై ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు, ఆయన తనకు చెప్పిన మాట పాటిస్తున్నారు. గేటు తాళం తీసేది ఐదున్నరకు. నాలుగున్నరకే వెళ్లి గంటసేపు బయట నిలబడితే నాకున్న సమయంలో సగం అక్కడే కరిగిపోతుంది. ఒక ఆదివారం పిల్లలిద్దరినీ వెంట తీసుకెళ్లాను, ఒక మూల కూర్చుని ఆడుకుంటారని. ఉదయంపూట పిల్లలను లోపలికి రానివ్వరన్నారు. బాబు ఊచల మధ్య నుంచి ఎర్రమట్టి ట్రాక్‌ను చూస్తూ నిలబడ్డాడు. వాడు ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది అనిపించింది.

రోడ్డు మీద పరుగెత్తవచ్చు కదా అంటారు. పరుగెత్తాను. గత నవంబరులో వాన వెలిసిన మర్నాడు, దీపం వెలగని ఒకచోట, కాలువ మీద పలక పక్కకు జరిగి ఉన్న సంగతి కనిపించలేదు. చీలమండ మెలిపడింది. పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు లేపి కూర్చోబెట్టి, తన సీసాలోని నీళ్లిచ్చాడు. మూడు వారాలు పరుగు లేదు. నొప్పి తగ్గింది కానీ ఇంకొకటి తగ్గలేదు. చీకట్లో వెనక నుంచి వస్తున్న బండి మనల్ని సమీపించి వేగం తగ్గిస్తే, ఆ చప్పుడు ఏ ఆడమనిషికైనా వెన్నులో తెలుస్తుంది. చాలాసార్లు ఏమీ జరగదు. ఎవరో దారి అడుగుతారు, లేదా ఊరికే చూసి వెళ్లిపోతారు. అయినా ఆ క్షణంలో చేతిలోని తాళంచెవి వేళ్ల మధ్యకు వస్తుంది. పరుగు కోసం వెళ్లిన మనిషి అలా బిగుసుకుపోయి ఎన్ని కిలోమీటర్లు వెళ్లగలదు?

అలిపిరి మెట్లు ఎక్కమని సలహా ఇచ్చేవారు చాలామంది. మెట్ల మీద నాకున్న భక్తి వేరు. పాప పుట్టాక మొక్కు తీర్చడానికి 3,550 మెట్లూ ఎక్కాను. కానీ మెట్లు ఎక్కడం వేరు, నేల మీద గంటల తరబడి పరుగెత్తడం వేరు. గోవింద నామం చెప్పుకుంటూ, మోకాళ్ల మీద ఎక్కేవాళ్లు, చంటిబిడ్డను భుజాన వేసుకున్నవాళ్లు వెళ్లే దారి అది. వాళ్ల మధ్య నేను వాచీ చూసుకుంటూ దూసుకుపోవడం నా మనసుకు ఒప్పదు. పైగా 2023 ఆగస్టులో ఆ కాలిబాటలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకున్న సంగతి ఈ ఊరి తల్లులు ఎవరూ మరిచిపోలేదు. చీకటి విడవకముందు అడవి అంచున పిల్లలతో ఉండే ధైర్యం నాకు లేదు.

ఆ మెట్లదారి నుంచి ఒకటి మాత్రం నేర్చుకోవచ్చు. అక్కడ నడిచేవారికి తలమీద నీడ ఉంది, దీపాలున్నాయి, మంచినీళ్లున్నాయి, మరుగుదొడ్లున్నాయి. కాలినడకన వచ్చేవారిని గౌరవించడం ఈ ఊరికి తెలుసు. చిత్తూరు వైపు నుంచి, తమిళనాడు నుంచి రోజుల తరబడి నడిచి వచ్చే భక్తులకు దారి పొడవునా మజ్జిగ పోసే మనుషులున్న నేల ఇది. ఇక్కడే పుట్టి, ఇక్కడే పిల్లలను పెంచుకునేవాళ్ల కాళ్లకూ అందులో కొంచెం వాటా ఇప్పించమని అడుగుతున్నాను.

మన రాష్ట్రంలోనే విశాఖపట్నంలో రామకృష్ణ బీచ్ రోడ్డు మీద పొద్దున్నే వాహనాలను ఆపి, ఆ రోడ్డును నడిచేవాళ్లకు వదులుతారు. బెంగళూరు కబ్బన్ పార్కు లోపలి రోడ్ల మీదికి ఆదివారాల్లో బండ్లు రానివ్వరు. దానికోసం వాళ్లు కొత్త రోడ్డు వేయలేదు. ఉన్న రోడ్డునే కొన్ని గంటలు మనుషులకు అప్పగించారు. మన నగరానికి సముద్రం లేదు, అంత పెద్ద పార్కూ లేదు. కానీ విశ్వవిద్యాలయాలున్నాయి, వాటి పరిసరాల్లో చెట్ల నీడ ఉంది. ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడున్నర వరకు రెండు మూడు కిలోమీటర్ల పొడవున ఏదో ఒక రోడ్డును మాకు వదలండి. ఏ రోడ్డన్నది పోలీసులతోనూ, నగరపాలక సంస్థతోనూ మాట్లాడి మీరే నిర్ణయించండి. అలిపిరి వైపు, బస్టాండు వైపు వెళ్లేవి మాత్రం వద్దు. ఆ వేళకు కొండకు వెళ్లే బస్సులు ఎంత కిక్కిరిసి ఉంటాయో, డ్రైవరుకు ఒక నిమిషం ఆలస్యమైతే ఎంత ఒత్తిడో మా ఇంట్లో నాకు రోజూ వినిపించేదే. యాత్రికుడికి ఇబ్బంది అయ్యే ఏ ఏర్పాటూ నాకు వద్దు.

ఆ రోడ్డు మీద దీపాలు వెలగాలి. కాలువ పలకలు సరిగా ఉన్నాయో లేదో ఒకసారి ఎవరైనా నడిచి చూడాలి. ఆడవాళ్లకు ఒక శుభ్రమైన మరుగుదొడ్డి తెరిచి ఉంచాలి. మగవారైన అధికారులకు ఇది జాబితాలో చివరి సంగతిగా కనిపించవచ్చు. మాకు ఇది లేకపోతే మిగతావి ఎన్ని ఉన్నా లేనట్టే. నీళ్లు తాగితే మధ్యలో ఇబ్బంది అవుతుందని తాగకుండా పరుగెత్తే ఆడవాళ్లు నాకు తెలుసు. మన ఉక్కపోతలో అలా పరుగెత్తితే కళ్లు తిరిగి పడిపోతారు.

ప్రభుత్వ మైదానాల గేట్లు, కనీసం వేసవి నాలుగు నెలలైనా, నాలుగున్నరకే తెరిపించండి. ఇంకొక్కటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది: "పిల్లలను వెంట తెచ్చుకోవచ్చు" అని గేటు మీద తెలుగులో రాయించండి. ఒక మూల ఇసుక పోసి, నాలుగు పాత టైర్లు పాతితే చాలు, మా పిల్లలు గంటలు గంటలు ఆడుకుంటారు. పిల్లలకు రోజుకు 60 నిమిషాలు, పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మా బడిలో పిల్లలకు ఆటల పీరియడ్‌లో ఈ మాట నేను చెబుతుంటాను. తల్లిదండ్రులు పరుగెత్తే చోటే పిల్లలు ఆడుకుంటే ఆ రెండు లెక్కలూ ఒకే ఉదయం తేలిపోతాయి.

ఇది నా ఒక్కదాని గొడవ అనుకోవద్దు. మా పక్క వీధిలో ఒక ల్యాబ్ టెక్నీషియన్ ఉన్నారు. ఆయన భార్యకు ఆరోగ్యం బాగుండదు. ఇద్దరు ఆడపిల్లలను నిద్రపుచ్చాక రాత్రి పదింటికి పరుగుకు బయలుదేరుతారు, కుక్కల కోసం జేబులో బిస్కెట్లు పెట్టుకుని. రాత్రి డ్యూటీ దిగి, ఇంటికి వెళ్లేలోపు నాలుగు కిలోమీటర్లు పరుగెత్తే నర్సు ఒకామె ఉన్నారు. ఇంటికి చేరాక పిల్లలు వదలరు కాబట్టి దారిలోనే. మాలో ఎవరికీ ఎవరి పేరూ తెలియదు. చీకట్లో ఎదురైతే చెయ్యి ఎత్తి పలకరించుకుంటాం. ఒక గేటు తెరుచుకుంటే మేమందరం ఒకచోట చేరతాం. ఒకరు పరుగెత్తుతుంటే ఇంకొకరు పిల్లలను చూసుకుంటారు.

మీరు ఒక ఆదివారం, ఏ ముందస్తు కబురూ లేకుండా, నాలుగున్నరకు నగరంలోకి నడిచి రండి. ఎక్కడ దీపం ఉందో, ఎక్కడ లేదో, ఏ గేటుకు తాళం ఉందో మీకే కనిపిస్తుంది. మీకూ పిల్లలుంటే వాళ్లనూ తీసుకురండి.

వచ్చే ఆదివారం నా వంతు 16 కిలోమీటర్లు. మా వారికి ఆ రోజు తెల్లవారుజాము డ్యూటీ. అంటే మళ్లీ మా వీధే, నలభై చుట్లు. పాప ఇప్పటికే నలభై గింజలు లెక్కపెట్టి గడప దగ్గర పెట్టింది.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయిని,
ఇద్దరు పిల్లల తల్లి,
తిరుపతి