అన్నయ్య ఇంటికి వచ్చాడు

పదమూడేళ్ల తర్వాత మా అన్నయ్య పోయిన నెలలో ఇంటికి వచ్చాడు. సాయపడిన అందరి ఇళ్లకూ వెళ్లలేను కాబట్టి ఇక్కడే చేతులు జోడిస్తున్నాను.

2012లో జబ్బు ముదిరిన రోజుల్లో అన్నయ్య కొట్టిన దెబ్బకు మా పెదనాన్న చనిపోయారు. మతి స్వాధీనంలో లేనప్పుడు జరిగిందని 2016లో కోర్టు శిక్షాస్మృతి 84వ సెక్షన్ కింద నిర్దోషిగా తీర్పు చెప్పింది. ఇక ఇంటికి పంపుతారనుకున్నాం. నేర విచారణ స్మృతి 335 ప్రకారం మానసిక ఆసుపత్రికి పంపారు. జైలు శిక్షయితే రోజులు లెక్కపెట్టుకోవచ్చు, దీనికి ఆ లెక్క కూడా లేదు. అయినవాళ్లు పూచీ పడాలి, ఎవరికీ హాని ఉండదని అధికారులకు నమ్మకం కుదరాలి, అప్పుడుగాని ఫైలు కదలదు.

మా తప్పు దాచను. మనిషి కుదుటపడ్డాడు, తీసుకువెళ్లండి అంటూ ఆసుపత్రి నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి. నాన్న వాటిని బియ్యం డబ్బా వెనక పెట్టారు. నాకు తెలుసు, నేనూ కదిలించలేదు. అస్సాంలో మచాంగ్ లాలుంగ్ అనే ఆయన 1951లో అరెస్టయి, 1967లోనే బాగుపడ్డాడని వైద్యులు చెప్పినా 2005 దాకా నిర్బంధంలోనే ఉండిపోయారట. ఆ కథ చెప్పి నా తల దించుకునేలా చేసిన ఆసుపత్రి సోషల్ వర్కర్ మేడమ్ గారికి మొదటి నమస్కారం.

న్యాయ సేవాధికార సంస్థ లాయరు గారు పైసా తీసుకోలేదు, జిరాక్సులకు కూడా. మానసిక ఆసుపత్రిలో నిర్బంధంలో ఉన్నవారికి ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కని ఆయన చెప్పేదాకా మాకు తెలియదు. మీ ఎరుకలో ఇలాంటి కుటుంబం ఉంటే 15100కు ఫోను చేయమనండి.

అన్నయ్య పాత చొక్కాలేవీ పట్టకపోతే తన చొక్కా తొడిగి పంపిన వార్డు అటెండరు గారూ, అది ఉతికి ఉంచాం, తెచ్చిస్తాను.

మొదటి రాత్రి మా ఆవిడ మాత్రలిస్తే అన్నయ్య మింగి, నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించాడు. "అక్కర్లేదు బావగారూ" అంది. మర్నాడూ చూపించాడు. ఇప్పటికీ చూపిస్తూనే ఉన్నాడు.

చివరిగా పెద్దమ్మ. విచారణకు వచ్చిన ఎస్సై గారు అభ్యంతరం ఉందా అని అడిగితే, "జబ్బు మనిషి, రానివ్వండి" అని వేలిముద్ర వేసింది. ఇంకా మా గడప తొక్కలేదు. రమ్మని మేమూ అడగలేదు.