పదో ఏటే కోరపన్ను తడిమి చూడండి

ఎడిటర్ గారికి,

నేను తెనాలిలో లేడీస్ టైలర్ని. ఇరవై రెండేళ్ళుగా కుట్టుమిషనే నా బతుకు. పేపరుకి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే దిద్దుకోండి.

పోయిన నెల బ్లౌజు కొలతలివ్వడానికి ఒకావిడ షాపుకొచ్చింది. పక్కన కూర్చున్న కూతురిని చూపించి, "దీనికి పదమూడొచ్చినా పాలపన్ను ఊడలేదన్నా, అంత గట్టి పళ్ళు" అని మురిసిపోతూ చెప్పింది. ఇదే మాట మూడేళ్ళ కిందట మా అమ్మాయి గురించి నేనూ ఊరంతా చెప్పుకున్నాను. అందుకే ఈ ఉత్తరం.

అప్పటికి మా అమ్మాయికి పద్నాలుగు. పైవరసలో కుడివైపు కోరపన్ను ఎప్పుడో వచ్చేసింది. ఎడమవైపు మాత్రం ఇంకా పాలపన్నే. "ఊడని పన్నుని డబ్బిచ్చి ఊడగొట్టించుకుంటారా ఎవరైనా" అంది మా అమ్మ. నిజమే అనిపించింది. కొన్నాళ్ళకి దాని పక్కనున్న ముందుపన్ను కొంచెం వంకర తిరిగితే, క్లిప్పులు వేయిద్దామని ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాను. ఎక్స్‌రే కూడా తీయకుండా, పాలపన్ను పీకి క్లిప్పులు వేస్తే ఏడాదిలో సరైపోతుందన్నారు. ప్యాకేజీ రేటు కూడా చెప్పేశారు. ఇంకోచోట దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే తీశారు. ఓపీజీ అంటారు దాన్ని. అసలు పన్ను అంగిట్లో అడ్డంగా పడుకుని ఉందని, దాన్ని తీసేసి ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించే కృత్రిమ పన్ను, పెట్టుకోవడమేనని చెప్పారు. దవడ ఇంకా ఎదుగుతున్న పిల్లలకి ఇంప్లాంట్ పెట్టరని నాకప్పుడు తెలియదు. ఎదుగుదల ఆగేదాకా అక్కడ ఖాళీయే కదా. ఆడపిల్ల, పైగా ముందువైపు పన్ను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చివరికి ఒక డెంటల్ కాలేజీకి వెళ్ళాం. క్లిప్పుల డాక్టరమ్మ, నోటి సర్జన్ ఇద్దరూ కలిసి కూర్చుని పళ్ళనీ ఎముకనీ అన్ని వైపుల నుంచీ చూపించే సీబీసీటీ స్కాన్ తీయించి కంప్యూటర్‌లో తిప్పి తిప్పి చూపించారు. కోరపన్ను మొన పక్కపన్ను వేరుకి ఆనుకుని దాన్ని కొంచెం తినేసింది కూడా. పిల్లకి నొప్పీ లేదు, వాపూ లేదు. మాకెలా తెలుస్తుంది?

"ఆపరేషన్ చేసి పన్నుకి బటన్ పెట్టి, చైన్‌తో లాగుతాం" అన్నారు. బటన్ అన్న మాట వినగానే అంత టెన్షన్‌లోనూ నవ్వొచ్చింది. నాకు అన్నం పెట్టేది అదేగా! వాళ్ళ బటన్ మాత్రం కందిబద్దలో సగం కూడా ఉండదు.

ముందు కొన్ని నెలలు క్లిప్పులు వేసి, రావాల్సిన పన్నుకి చోటు చేశారు. చోటు లేకుండా లాగితే ఎక్కడికొస్తుంది? ఆపరేషన్‌కి మత్తు ఆ భాగానికే ఇచ్చారు. పిల్ల మెలకువగానే ఉంది, గంటలో అయిపోయింది. అంగిట్లో చిగురుని లేపి, పన్ను మీదున్న పల్చటి ఎముక పొరని తీసి, తేలిన పన్ను మీద బటన్ అతికిస్తారు. అక్కడ రక్తం తడి తగిలితే అతుకు ఊడిపోతుందట. అందుకే అన్నిటికన్నా ఆ పనికే ఎక్కువసేపు పట్టిందని సర్జన్ చెప్పారు. ఆ తర్వాత చైన్ కొస బయటికి తెచ్చి క్లిప్పుల తీగకి కట్టి, చిగురుని మళ్ళీ కప్పి కుట్లు వేశారు. కొందరికి చిగురు కప్పకుండా కిటికీలా తెరిచి వదిలేస్తారట, పన్ను ఉన్న చోటుని బట్టి. కుట్లు చూశాను. నా పనివాడు అంత సమంగా వేస్తే జీతం పెంచేవాణ్ణి.

వారం తర్వాత లాగడం మొదలుపెట్టారు. నెలకోసారి బస్సెక్కి వెళ్ళేవాళ్ళం. కొంచెం గట్టిగా బిగిస్తే తొందరగా వస్తుంది కదా అని ఒకసారి అడిగేశాను. డాక్టరమ్మ కోప్పడలేదు. 60 గ్రాముల లాగుడు చాలట. అంతకంటే బలంగా లాగితే పన్ను తొందరగా రాదు సరికదా, వేర్లు దెబ్బతింటాయట. నెలకి ఒక మిల్లీమీటరు కదిలితే బాగా కదిలినట్టే. దారం బిగించి లాగితే కుట్టు దగ్గర బట్ట ముడతలు పడుతుందని తెలిసిన నేను, ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది.

అక్కడ కూర్చున్నప్పుడు ఇంకా చాలామందిని చూశాను. గ్రహణం మొర్రితో పుట్టిన తొమ్మిదేళ్ళ బాబుకి, చీలిన చిగురులోకి కోరపన్ను దిగకముందే తుంటి ఎముక నుంచి కొంచెం తీసి అక్కడ నింపుతారట. కింది దవడ ముందుకొచ్చిన ఒక కుర్రాడికి, ఎదుగుదల ఆగేదాకా దవడ ఆపరేషన్ చేయరట. ఈ లోపల క్లిప్పులతో పళ్ళు సర్దుతున్నారు. క్లిప్పులంటే పెళ్ళిచూపుల కోసం వేసుకునేవని అనుకునేవాణ్ణి నేను.

అసలు సంగతి ఇక చెబుతాను. కోరపన్ను ముక్కు పక్కన, ఎముకలో బాగా పైన పుట్టి, పళ్ళన్నిటికంటే ఎక్కువ దూరం దిగి రావాలి. దారి తప్పేది అందుకే. ఇలా అంగిట్లో ఉండిపోవడం అబ్బాయిల కంటే అమ్మాయిల్లో ఎక్కువ, కొన్ని కుటుంబాల్లో వరసగా కూడా వస్తుంది. పదేళ్ళ వయసులో పాలకోర, అంటే పాలపళ్ళలోని కోరపన్ను పైన, పెదవి వైపు చిగురు మీద వేలు పెట్టి చూస్తే ఒక గుబ్బ తగలాలి. రెండు వైపులా తగలకపోయినా, ఒక వైపే తగిలినా ఎక్స్‌రే తీయించాలి. ఇది తెలిశాక నేను చేసిన మొదటి పని, మా చిన్నోడిని పట్టుకుని నోట్లో వేలు పెట్టడం. వాడికి అప్పుడు పదిన్నర. కుడివైపు ఏమీ తగల్లేదు. డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి పాలకోర పీకేశారు, అంతే. పన్ను తనంతట తాను దారికొచ్చింది. అందరికీ ఇలా జరగదు. స్వీడన్‌లో 1988లో ఇలా పాలపన్ను తీసి చూసిన 46 పళ్ళలో 36 సరైన దారి పట్టాయని ఆవిడ చెప్పారు. పిల్లల్లో అక్కకి ఆపరేషన్, రెండేళ్ళ క్లిప్పులు. తమ్ముడికి ఒక్క పన్ను పీకడంతో సరి. తేడా అంతా మేము చూసిన వయసులోనే ఉంది.

2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద స్కూళ్ళకి వైద్య బృందాలు వస్తున్నాయి. పుచ్చుపళ్ళు చూస్తున్న ఆ చేతులతోనే ఐదో తరగతి పిల్లల కోరపళ్ళ చోటు కూడా తడిమి చూడమని మీ పేపరు ద్వారా అడుగుతున్నాను. గ్లౌజు తప్ప కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. ఒక్కో పిల్లకి అర నిమిషం.

బ్లౌజు తీసుకోవడానికి ఆవిడ మొన్న మళ్ళీ వచ్చింది. కూతురిని ఇంకా చూపించలేదంది. నేను హుక్కులు కుట్టేలోగా మా అమ్మాయిని పిలిచి నోరు తెరిచి చూపించమన్నాను. ఏది ఆపరేషన్ చేసిన పన్నో ఆవిడ కనిపెట్టలేకపోయింది. సోమవారం తీసుకెళ్తానంది. మంగళవారం వచ్చి చెప్పమన్నాను.

– ఒక టైలర్, తెనాలి