బ్రెయిలీ పుస్తకాలూ జూన్‌లోనే ఇవ్వాలి

అయ్యా,

జిల్లాలో పిల్లలందరికీ పాఠ్యపుస్తకాలు అందాయని పది రోజుల కిందట మీ పత్రికలో వార్త వచ్చింది. అందరికీ అందలేదు. మా అక్క కూతురికి చూపు లేదు. తొమ్మిదో తరగతి. బడి తెరిచిన వారంలోనే తనకూ సంచి నిండా పుస్తకాలిచ్చారు. అన్నీ అచ్చు పుస్తకాలే. కొత్త కాగితం వాసన చూసి, పేజీలు తడిమి, పక్కన పెట్టేసింది.

మొదటి విడత పరీక్షలు కూడా అయిపోయాయి, బ్రెయిలీ పుస్తకాల జాడ లేదు. అడగ్గా అడగ్గా ఒక పాత సాంఘికశాస్త్రం తెచ్చిచ్చారు. సిలబస్ మారకముందుది. ఎంతమంది వేళ్లు తిరిగాయో, సగం పేజీల్లో చుక్కలు అణిగిపోయాయి. ఇక చేసేది లేక మా అక్క రోజూ రాత్రి అంట్లు తోముకుని, ఫోన్‌లో పాఠం చదివి రికార్డు చేస్తోంది. లెక్కల్లో "పక్క పటాన్ని గమనించండి" అని రాగానే ఆగిపోతుంది. "ఏ పటం అమ్మా?" అంటుంది పిల్ల. త్రిభుజమైతే అగ్గిపుల్లలు పేర్చి వేలు పట్టి చూపించాను. గ్రాఫును ఎలా చూపించను?

ఆఫీసుకు వెళ్తే పెన్‌డ్రైవ్‌లో ఫైలు వేసిచ్చారు. పాత డీటీపీ ఫాంటులో కొట్టిన తెలుగు. మన కంటికి బాగానే ఉంటుంది, కంప్యూటర్ చదివి వినిపిస్తే ఒక్క ముక్క అర్థం కాదు. అదే ఏ కంప్యూటరైనా గుర్తించే యూనికోడ్ అక్షరాల్లో ఉంటే, తెర మీది రాతను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చదివేస్తుంది, బ్రెయిలీలోకి మార్చడమూ తేలిక. ప్రెస్సుకు పంపే రోజే అలాంటి ఫైలు ఒకటి తీసిపెట్టడానికి ఏమిటి అడ్డం?

కాపీరైట్ అనుమతి రావాలని ఇంకొకరన్నారు. ఇలాంటి పుస్తకాలకు ఆ అనుమతి అక్కర్లేదని 2012లోనే చట్టం సవరించారు. చూపులేనివారి పుస్తకాల కోసం కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్లు వచ్చేదాకా పుస్తకాలు, పరికరాలు ఉచితంగా ఇవ్వాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది. ఆ సీట్లో కూర్చున్నవారికే ఇది తెలియకపోతే మేము ఎవరిని అడగాలి? వైకల్యానికి ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో చూపు ఎంత శాతం లేదో రాసుకున్నారు, బడి రిజిస్టరులో తరగతి రాసుకున్నారు. ఏ పిల్లకు ఏ పుస్తకం కావాలో ఏప్రిల్‌లోనే లెక్క తేలిపోతుంది.

ఏ ఆఫీసుకు పోయినా ఇదే తీరు. మొన్న ఒకచోట "ఈమె సంతకం పెట్టగలదా?" అని నన్నడిగారు. పిల్ల నా పక్కనే నిలబడి ఉంది. తననే అడిగితే చెప్పేది కదా! ఇంటికొచ్చేదాకా నోరు విప్పలేదు.

దసరా సెలవుల లోపు కనీసం లెక్కలు, సైన్సు పుస్తకాలైనా అందించాలి. చూపు కొంత ఉన్న పిల్లలకు పెద్ద అక్షరాల పుస్తకాలు కావాలి, వాళ్లనూ మరవొద్దు. వచ్చే ఏడాది మా పిల్ల పదో తరగతి. ఆ పుస్తకాలకు ఇప్పుడే ఆర్డరు పెట్టమని కోరుతున్నాను.

— ఒక విద్యార్థిని పిన్నమ్మ, కొర్లగుంట, తిరుపతి