మోచేతి కింద మెత్తబడిన భుజం

ఒరేయ్ శీనూ,

మొన్న నీ గొంతు వినగానే అర్థమైంది, నడుము ఇంకా సర్దుకోలేదని. ఫోన్‌లో చెప్తే "సరేలే, చూద్దాం" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

నా ఎడమ భుజం సంగతి తెలుసుగా. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఎంత పట్టేసిందంటే, బండి మీద వెనక్కి చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సొచ్చేది. పోయిన నెల ఫిజియోథెరపీ చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన చేసేది డీప్ టిష్యూ మసాజ్, అంటే లోపలి కండల దాకా చేసే మర్దన. కండల్ని పిండేస్తారనుకుని పళ్లు బిగించి పడుకున్నాను. ఆయన చేతిలో నాలుగు చుక్కల నూనె వేసుకున్నారు. ఎక్కువైతే చెయ్యి జారిపోయి లోపలికి పట్టు దొరకదట. ముందు పైపైన రాసి ఒళ్లు వెచ్చబరిచారు. తర్వాత రెక్కకీ వెన్నుకీ మధ్య మోచెయ్యి ఆనించి, నత్త నడిచినట్టు పైకి జరిపారు. ఒకచోట శనగగింజంత గట్టిగా తగిలింది. నొక్కింది అక్కడ, నొప్పి పాకింది చెవి వెనక దాకా! "ఊపిరి వదలండి" అని, చెయ్యి కదపకుండా అలాగే ఉంచారు. కాసేపటికి ఆ బిగువు నానిన గింజలా మెత్తబడింది.

కోడిని కోసేటప్పుడు తోలు కింద తెల్లగా సాగే పొర చూశావుగా? మన కండరాల చుట్టూ అలాంటిదే ఉంటుంది, ఫేషియా అంటారు. ఈ మసాజ్‌లో ఆ పొర మీదా, అడుగు కండరాల మీదా పనిచేస్తారు. గబుక్కున గట్టిగా నొక్కితే ఒళ్లు భయపడి ఇంకా బిగుసుకుంటుంది. నెమ్మదిగా బరువు పెడితే నరాలు ఊరట చెంది కండ పట్టు వదులుతుంది. పైది వదిలితేనే లోపలిది చేతికి అందుతుంది. చేసేవాళ్లకి బలం కంటే ఓపిక కావాలిరా. ఒంట్లో విషాలన్నీ పోతాయని ఎవరైనా అంటే మాత్రం నమ్మకు, ఆ పని లివరూ కిడ్నీలూ చూసుకుంటాయి.

మర్నాడు కొట్టినట్టు నొప్పులున్నాయి, రెండో రోజుకి పోయాయి. నాలుగోసారి అయ్యేసరికి మెడ హాయిగా తిరిగింది, నిద్ర కూడా బాగా పడుతోంది. కూర్చునే తీరు మార్చకపోతే మళ్లీ పట్టేస్తుందని చెప్పారు కాబట్టి గంటకోసారి లేస్తున్నాను.

నీ నొప్పి కాలిలోకి తిమ్మిరిగా దిగుతుంటే మాత్రం ముందు డాక్టర్‌కి చూపించు. మీ నాన్నగారు రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారు కదా, ఆయనకి ఈ గట్టి మసాజ్ వద్దు, లోపల కమిలిపోతుంది. పిక్క వాచి నొప్పిగా ఉన్నవాళ్లకీ వద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకి చేరే ప్రమాదముంది.

నొప్పి ఓర్చుకోలేకపోతే వెంటనే చెప్పు, నోరు మూసుకుని పడుకోకు. కాలు తిమ్మిరి లేకపోతే శనివారం రాత్రి బస్సెక్కు. ఆదివారం పొద్దున పదింటికి ఆయన దగ్గర నీకు టైమ్ తీసుకున్నాను.

నీ
రవి