జిల్లా పేరు అదే, జిల్లా అది కాదు

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్లో నీ గొంతు మారిపోవడం నాకు తెలిసింది. ఎంతో కష్టపడి రాసిన ప్రాజెక్టు రిపోర్టు పంపితే, బాగుందని ఒక్క ముక్క అనకుండా ఏడో పేజీలో అంకె తప్పని పట్టుకున్నాను. "నేను బి.ఎ. కదమ్మా, ఈ వెతుకులాటలూ ఎక్సెల్ షీట్లూ బి.టెక్ వాళ్ళకి. నాకెందుకీ టెన్షన్?" అని ఫోన్ పెట్టేశావు. మళ్ళీ ఫోన్లో మొదలుపెడితే ఇద్దరం దెబ్బలాడుకుంటాం, అందుకే రాస్తున్నాను.

ముందు నిన్న చెప్పాల్సిన మాట చెబుతాను. రిపోర్టు బాగుంది. ఆ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ళు బోరింగు దగ్గర బిందెతో ఎంతసేపు నిలబడుతున్నారో గడియారం చూసి మరీ రాసుకున్నావే, ఆ పేజీ రెండుసార్లు చదివాను. అలాంటి అంకె ఏ వెబ్‌సైటులోనూ దొరకదు.

ఇక ఏడో పేజీ. తూర్పు గోదావరి జిల్లా జనాభా 51 లక్షలు అని రాసి, అందులో మీ మండలం వాటా శాతం కట్టావు. 51 లక్షలనేది ఎవరో పుట్టించిన అంకె కాదు, 2011 జనాభా లెక్కల్లో ఉన్నదే. కాకపోతే అది పాత జిల్లా. కాకినాడ, అమలాపురం, రంపచోడవరం అన్నీ కలిసి ఉన్నప్పటిది. 2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. కాకినాడ వేరే జిల్లా అయింది, కోనసీమ వేరే జిల్లా అయింది, రంపచోడవరం వైపు అప్పట్లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయింది. గోదావరికి అవతల ఉన్న కొవ్వూరు, నిడదవోలు వచ్చి మనలో కలిశాయి. ఆ 2022 హద్దులతో అదే 2011 లెక్క తీస్తే 18 లక్షల పైచిలుకు. నువ్వు రాసిన మండలం ఉన్నది కొత్త జిల్లాలో, భాగించింది పాత జిల్లా జనాభాతో. దాంతో నీకొచ్చిన శాతం ఉండాల్సిన దానిలో మూడో వంతుకు పడిపోయింది.

అదే పేజీలో ఊరి జనాభా పక్కన 2024 అని రాశావు. 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు వాయిదా పడ్డాయి. ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టిన చివరి అంకె 2011దే. మరి 2024 అంకె ఎక్కడిది? ఆ వెబ్‌సైటు వాళ్ళు పాత అంకెకి ఏడాదికింత అని కలుపుకుంటూ పోయి, పక్కన కొత్త సంవత్సరం తగిలించారు. అంచనా అని రాసి ఉంటే ఇబ్బంది లేదు. అలా రాయలేదు వాళ్ళు, నువ్వూ రాయలేదు.

నీకు ఇవి చేతకాక జరిగిందని నేను అనుకోవడం లేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన రోజులు గుర్తున్నాయా? చుట్టాల గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. ఇళ్ళు కప్పుల దాకా మునిగిపోయి, ఒక గేదె నీళ్ళలో తల ఎత్తుకుని ఉంది. కింద మామయ్య వాళ్ళ లంక పేరు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. రాత్రి పన్నెండింటికి మామయ్యకి ఫోన్ చేసి పిల్లల్ని తీసుకుని గట్టెక్కమని ఏడ్చాను. మామయ్య ఫోన్లోనే, నీళ్ళు ఇంకా మెట్లు ఎక్కలేదని చెబుతున్నా నేను వినలేదు. నువ్వు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, ఆ ఫొటోని గూగుల్ లెన్స్‌లో పెట్టి, అది ఎప్పటిదో పాత వరద ఫొటో అని రెండు నిమిషాల్లో చూపించావు. అప్పటికి ఇంటర్ చదువుతున్నావు. ఎవరూ నేర్పలేదు.

కుర్తా కొనాలన్నా ముందు ఒక్క స్టార్ ఇచ్చిన వాళ్ళు ఏం రాశారో చదివి గానీ ఆర్డర్ పెట్టవు. అంత జాగ్రత్త ఉన్న పిల్లవి, చదువు దగ్గరికి వచ్చేసరికి మొదట కనిపించిన వెబ్‌సైటులోని అంకె ఎత్తి రాసేశావు. నన్ను బాధపెట్టింది అది.

తప్పు నీ ఒక్కదానిదే అని కూడా అనను. కాలేజీ లైబ్రరీలో ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. కంప్యూటర్ అంటే ఒక సెమిస్టర్లో ఒక పేపరు. మౌస్ అంటే ఏమిటి, ర్యామ్ అంటే ఏమిటి అని బిట్లు చదువుతారు, పాసవుతారు, మర్చిపోతారు. చరిత్ర క్లాసులో దాని ఊసుండదు, ఎకనామిక్స్‌లో ఉండదు, తెలుగులో అసలే ఉండదు. వెతకడం, వెతికినదాన్ని నిలబెట్టి చూడడం, ఎక్కడ తెచ్చావో రాసుకోవడం అనేవి ప్రతి సబ్జెక్టులోనూ ఆ సబ్జెక్టు మేష్టారే నేర్పాలి. చరిత్రలో నమ్మాల్సిన కాగితం వేరు, కామర్సులో వేరు, నర్సింగులో వేరు. ఏడాదికి ఒక్క గంట పిల్లల్ని లైబ్రరీకి తీసుకురండి అని అన్ని డిపార్టుమెంట్ల వాళ్ళనీ అడుగుతూనే ఉన్నాను. మా చరిత్ర మేడమ్ గారు ఒప్పుకున్నారు. ఒకే సంఘటన మీద పాత పత్రిక, ప్రభుత్వ రికార్డు, ఒక వెబ్‌సైటు మూడూ పక్కపక్కన పెట్టి తేడాలు రాయమంటారు. ఆ గంటలో పిల్లలు ఫోన్లు చూసుకోరు, ఒకళ్ళతో ఒకళ్ళు వాదించుకుంటారు. మిగతా వాళ్ళని అడుగుతూనే ఉంటాను.

మొన్న ఒక అబ్బాయి చీటీ మీద ఐదు పుస్తకాల పేర్లు రాసుకొచ్చాడు. సెమినార్ పేపరుకి కావాలట. మూడు బీరువాలో దొరికాయి. మిగతా రెండు మా కాటలాగులో లేవు. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళు నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో చూశాను, లేవు. పెద్ద యూనివర్సిటీల కాటలాగుల్లోనూ లేవు. రచయితల పేర్లు నిజమైనవే, పుస్తకాలు మాత్రం లోకంలో లేవు. ఎక్కడివి బాబూ అంటే ఏఐని అడిగానన్నాడు. ఆ అబ్బాయి మొహం చిన్నబోయింది, నాకు జాలేసింది. మోసం చేద్దామని రాలేదు. అడిగితే చెప్పింది, రాసుకున్నాడు. నిన్ను ఏఐ వాడొద్దనను. అర్థం కాని పాఠం విడమరిచి చెప్పమని అడుగు. అది చెప్పిన పుస్తకాన్ని, అంకెని మాత్రం నువ్వు కళ్ళారా చూడకుండా రిపోర్టులో పెట్టకు.

ఎక్సెల్ బి.టెక్ వాళ్ళకి అన్నావు కాబట్టి నీ ఎకనామిక్స్‌లోదే చెబుతాను. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన దేశాల్లో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే పేరున్న ఆర్థికవేత్తలు రాశారు. ప్రభుత్వాలు ఖర్చు తగ్గించుకోవాలనే నాయకులు ఆ పేపరు చూపించి మాట్లాడారు. అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీలో థామస్ హెర్న్‌డన్ అనే ఎకనామిక్స్ విద్యార్థి, క్లాసు అసైన్‌మెంటు కోసం ఆ లెక్క మళ్ళీ చేసి చూశాడు. ఎన్నిసార్లు చేసినా ఆ అంకె రాలేదు. చివరికి వాళ్ళనే అడిగి ఎక్సెల్ ఫైలు తెప్పించుకున్నాడు. సగటు తీసే ఫార్ములాలో ఐదు దేశాల వరసలు తప్పిపోయి ఉన్నాయి. కొన్ని సంవత్సరాల అంకెలు వదిలేయడం, సగటు కట్టిన పద్ధతి కూడా సరిగా లేవని 2013లో తన టీచర్లతో కలిసి చూపించాడు. సరిచేస్తే 2.2 శాతం వచ్చింది. ఆ అబ్బాయికి తెలిసిన కంప్యూటర్ విద్య, ఒక గడి మీద నొక్కి ఫార్ములా ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో చూడడం. అది నీకూ వచ్చు.

బయోటెక్నాలజీ చదివే మీ చెల్లికి కూడా చెప్పు. మార్చ్1, సెప్ట్1 అనే జన్యువుల పేర్లు టైపు చేస్తే ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చేసేది. పరిశోధన పేపర్లలో అలాంటి తప్పులు పేరుకుపోయి, ఆఖరికి 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చుకోవాల్సి వచ్చింది.

నీ తర్వాతి పేపరు గోదావరి జిల్లా చరిత్ర మీద అన్నావు కదా. పేర్ల దగ్గర జాగ్రత్తగా ఉండు. రాజమహేంద్రవరం అని ఒక్కటే కొట్టి వెతికితే సగం కూడా రాదు. ఆ పేరు అధికారికంగా తిరిగి వచ్చింది 2015లో. రాజమండ్రి అనీ, ఇంగ్లీషులో పాత స్పెల్లింగుతోనూ వెతుకు. కాకినాడను ఆంగ్లేయులు 'సి' అక్షరంతో కొకనాడా అని రాసేవాళ్ళు. విశాఖకి విజగపటం. ఆ స్పెల్లింగులతో, పాత పుస్తకాలు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటులో కొడితే 1907 నాటి జిల్లా గెజిటీర్లు, అంటే జిల్లా సమాచారం రాసిన ప్రభుత్వ గ్రంథాలు, మొత్తం పుస్తకాలుగా వస్తాయి. తెలుగు అక్షరాలతో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి వెతుకు. రెండు చోట్లా వచ్చేవి ఒకటి కావు. మన యూనివర్సిటీల్లో ఎవరైనా ఇదే విషయం మీద పీహెచ్‌డీ చేశారేమో, ఆ థీసిస్‌లు పెట్టే శోధగంగ వెబ్‌సైటులో చూడు, చివర వాళ్ళు ఇచ్చిన పుస్తకాల పట్టిక చదువు. కాలేజీ పిల్లలు పుస్తకాలు, జర్నళ్ళు ఆన్‌లైన్లో చదువుకునే ఎన్‌-లిస్ట్ లాగిన్ మీ లైబ్రేరియన్ గారిని అడుగు. అడిగే పిల్లలు తక్కువ. అడిగితే మాకెంత సంతోషమో నీకు తెలుసు.

ఇప్పుడు చేయాల్సింది కొంచెమే. ఏడో పేజీలో కొత్త జిల్లా అంకె వేసి, కింద "2011 జనగణన, 2022 హద్దుల ప్రకారం" అని రాయి. శాతం మళ్ళీ కట్టు. 2024 అని ఉన్న అంకె తీసేసి 2011 అంకె పెట్టు. ఒక పాత నోటుబుక్కు తీసుకుని, ప్రతి అంకెకీ ఎక్కడ చూశావో, ఏ తేదీన చూశావో ఒక్కో లైను రాసుకో. వెబ్ పేజీలు ఇవాళ ఉంటాయి, వైవా నాటికి ఉండవు.

ఆదివారం మామయ్య విశాఖ వస్తున్నాడు. సున్నుండలు, కొత్త ఆవకాయ పంపిస్తున్నాను, రూములో అందరికీ పెట్టు. ఏడో పేజీ సరిచేశాక నాకోసారి పంపు. బోరింగు పేజీ మాత్రం ఒక్క అక్షరం కూడా మార్చకు.

అమ్మ