అద్దం బయట నిలబడకు

చిన్నా,

పాప 1,350 గ్రాములే ఉందని నిన్న ఫోన్లో ఏడ్చావు. చొక్కా విప్పి పాపను గుండెల మీద పడుకోబెట్టుకోమని సిస్టర్ అంటే, భయపడి బయటికి వచ్చేశావట. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో ఇదంతా చెప్పబోతే గొంతు పట్టేస్తుంది, అందుకే రాస్తున్నాను.

1994లో నువ్వూ ఏడో నెలలోనే పుట్టావు. నిన్ను వెచ్చగా ఉంచే గాజు బాక్సులో పెట్టి, ఇన్ఫెక్షన్ వస్తుందని 19 రోజులు మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. పొద్దున పది నిమిషాలు తెర తీసేవారు. అద్దంలోంచి ఆరు బాక్సులు కనిపించేవి. నువ్వు ఎందులో ఉన్నావో వాచ్‌మన్ వేలు పెట్టి చూపించేవాడు. నువ్వు దగ్గర లేక మీ అమ్మకు పాలు ఎండిపోయాయి. అది తన తప్పేనని ఇప్పటికీ అనుకుంటుంది పిచ్చిది.

కొలంబియాలో, బొగొటాలో, బాక్సులు చాలక ఎడ్గర్ రేయ్ అనే డాక్టరు ఇలాంటి పిల్లల్ని తల్లుల గుండెలకు కట్టించడం మొదలుపెట్టి అప్పటికే 15 ఏళ్ళయిందట. మొన్న మీ అక్క చదివి వినిపించింది. మాకు అప్పుడు ఒక్కరూ చెప్పలేదు. 2021లో వచ్చిన పరిశోధనలో, పుట్టిన వెంటనే ఇలా చేస్తే కిలో నుంచి కిలో ఎనిమిది వందల లోపు పిల్లల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయట. మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి పిల్లలూ అందులో ఉన్నారు. మన పాప బరువు వాళ్ళే కదా!

రోజుకు కనీసం 8 గంటలు ఉంచాలంటున్నారు. కుట్ల నొప్పితో ఉన్న కోడలు ఒక్కతే ఎలా చేస్తుంది? సగం నీది. మోచేతుల దాకా చేతులు కడుక్కో. పాపకు టోపీ, సాక్సులు, డైపర్ చాలు. నిటారుగా ఆనించుకుని తల ఒక పక్కకు తిప్పు, మెడ వాలిపోకుండా, ముక్కు మూసుకుపోకుండా చూసుకో. ఒంటి రంగు మారినా, ఊపిరి తేడాగా అనిపించినా వెంటనే సిస్టర్‌ను పిలువు. కోడలు పిండిన పాలు ట్యూబులో ఎలా పోస్తున్నారో చూసి నేర్చుకో. తర్వాత ఉగ్గుగిన్నెతో పట్టమంటారు, అదీ నువ్వే పట్టు.

ముందు బొత్తాలున్న మెత్తటి చొక్కాలు రెండు పంపుతున్నాను. మీ అమ్మ నా పాత పంచె ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, కట్టుకోవడానికి చింపి పెట్టింది.

ఆదివారం మేం బయల్దేరుతున్నాం. తాతలకూ ఒప్పుకుంటారేమో సిస్టర్‌ను అడుగు. ఒప్పుకుంటే నాకొక గంట ఇవ్వు.

నాన్న