సాయంత్రం బడి: 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులందరికీ నమస్కారం.

బోరు మోటారు రిపేరు, వీధిదీపాలు, వినాయక చవితి పందిరి లెక్కలు కోశాధికారిగారు విడిగా చదువుతారు. నేను ఈసారి కమ్యూనిటీ హాలులో నడుస్తున్న సాయంత్రం బడి గురించే చెప్తాను. ఏడాది పొడవునా కమిటీకి ఎక్కువ ఫిర్యాదులు తెచ్చిందీ అదే, ఎక్కువ బుద్ధి చెప్పిందీ అదే.

ఒక్క టీచరమ్మ, మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా 32 మంది పిల్లలు, ఒకే హాలు. జూన్‌లో మనకు తెలిసిన పద్ధతే పెట్టాం: ఒక లీడరు, చేతిలో సుద్దముక్క. మాట్లాడినవాళ్ల పేరు బోర్డు మీదకి, మళ్లీ మాట్లాడితే పక్కన ఇంటూ మార్కు. రెండు వారాలు తిరక్కుండానే తేలిపోయింది. లీడరు స్నేహితుల పేర్లు బోర్డెక్కవు, లీడరు చదువు మాత్రం అటకెక్కుతుంది. పేరెక్కినవాళ్ల చేత గుంజీలు తీయించమని కొందరు తల్లిదండ్రులు అడిగితే టీచరమ్మ ససేమిరా అన్నారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. మనది పేరుకే బడి అయినా ఆ గీత దాటేది లేదన్నారావిడ.

జులైలో చాక్లెట్లు మొదలుపెట్టాం. హాలు ఊడిస్తే ఒకటి, పట్టాలు మడతపెడితే ఒకటి. పదిరోజులు హాలు అద్దంలా ఉంది. తర్వాత చీపురు పట్టుకునేముందే "ఇవాళ ఉందా సార్?" అని అడగడం మొదలైంది. డబ్బా ఖాళీ అయిన రోజు చీపురు మూలనే ఉండిపోయింది. ఆ బిల్లు మీద సంతకం నాదే, కాబట్టి తప్పూ నాదే. సభ్యుల్లో ఒక రిటైర్డ్ మాస్టారు అప్పుడొక సంగతి చెప్పారు. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు, సరదాగా బొమ్మలు వేసుకునే నర్సరీ పిల్లలకు బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారట. కొన్నాళ్లకు బహుమతి ఊసు లేకుండా రంగు పెన్నులు పెడితే, ఆ పిల్లలు మిగతావాళ్లకంటే తక్కువసేపు వాటిని ముట్టుకున్నారట. బొమ్మలంటే సరదా, ఊడవడం ఎవరికి సరదా, ఇది మనకు వర్తించదని నేను వాదించాను. చీపురు మాత్రం నా వాదన వినలేదు.

ఆగస్టు నుంచి లీడరూ లేడు, చాక్లెట్లూ లేవు. ఏమేం పనులున్నాయో పిల్లలే బోర్డు మీద రాశారు. ఊడవడం, మంచినీళ్ల క్యాను, పట్టాలు, హాజరు, ఫ్యాన్ల స్విచ్చులు, చిన్నవాళ్లకు ఎక్కాలు అప్పజెప్పించుకోవడం. మొదటివారం ఎవరూ చెప్పకుండానే చీపుర్లు ఆడపిల్లల చేతికి, క్యాను మగపిల్లల చేతికి వెళ్లాయి. శనివారం అందరూ కూర్చుని మాట్లాడుకున్నప్పుడు ఏడో తరగతి అమ్మాయి లేచి, "మా ఇంట్లోనూ నేనే, ఇక్కడా నేనేనా?" అంది. అప్పట్నుంచి వారం వారం చీటీలు తీస్తున్నారు. చదువుకోమని పంపితే కొడుకు చేత ఊడిపిస్తారా అని ఒక తల్లి నిలదీశారు. ఆ శనివారం చీటీల్లో నా పేరూ వేశారు, ఊడ్చాను. ఆవిడ సమాధానపడ్డారని చెప్పలేను, అబ్బాయిని మాత్రం మానిపించలేదు.

హాజరు పుస్తకం కథ కొంచెం చెప్పాలి. ఆ పని వచ్చిన ఎనిమిదో తరగతి అబ్బాయి, క్రికెట్‌కి పోయిన స్నేహితుడికి మూడురోజులు టిక్కు కొట్టాడు. శనివారం బయటపడింది. తీసెయ్యాలని సగంమంది, వదిలెయ్యాలని సగంమంది. చివరికి ఒక చిన్నవాడు, "ఎవరి పేరు వాళ్లే రాసుకుంటే పోలా" అన్నాడు. ఇప్పుడు 32 మందీ రోజూ తెలుగులో తమ పేరు తామే రాస్తారు. మూడో తరగతి పిల్ల ఒకతి సెప్టెంబరు దాకా తన పేరులోని వత్తు వదిలేసేది. నవంబరు పేజీల్లో ఆ వత్తు ఉంది. ఎవరు దిద్దారో టీచరమ్మకూ తెలియదు.

పాఠం విషయంలో మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలువాళ్లు ఊరిబళ్ల కోసం తయారుచేసిన పద్ధతిని కొంత అనుసరించాం. అక్కడ గోడమీద నిచ్చెనలాంటి పటం ఉంటుంది. తాను ఏ మెట్టు మీదున్నాడో పిల్లవాడే చూసుకుని, ఆ మెట్టు కార్డు తెచ్చుకుంటాడు. కొన్ని కార్డులు టీచరుతో, కొన్ని తోటివాళ్లతో, కొన్ని ఒంటరిగా చేయాలి. మనం లెక్కలకు మాత్రమే, అట్టముక్కల మీద, చేతిరాతతో చేసుకున్నాం. భాగహారం దాకా బాగానే సాగింది. భిన్నాల దగ్గర పెద్దపిల్లలకే రాక కార్డులు పేరుకుపోయాయి. ఇంగ్లీషు పాఠం ఇంకా పాత పద్ధతిలోనే గోలగోలగా నడుస్తోంది.

మిగిలింది ఒక్క విషయం. టీచరమ్మ బస్సు ఆలస్యమైన రోజు పిల్లలు గేటు దగ్గరే నిలబడాల్సి వస్తోంది. హాలు తాళంచెవి వారానికొకరి దగ్గర ఉంచమని 32 పేర్లతో అర్జీ ఇచ్చారు. కమిటీలో ముగ్గురు సరేనన్నారు, ముగ్గురు వద్దన్నారు. అర్జీ దీనితో జతచేశాను. సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి తేల్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి